పాత ఆల్బమ్ మళ్లీ విడుదలైతే ఏ ఎడిషన్ కొనాలి?

బీటిల్స్ 1967 ఆల్బమ్ ‘సార్జెంట్ పెప్పర్స్ లోన్లీ హార్ట్స్ క్లబ్ బ్యాండ్’ కొందామని వెతికితే అరడజను రకాలు ఎదురవుతాయి. 1967 నాటి మోనో (శబ్దమంతా ఒకే ఛానెల్‌లో) ఎల్‌పి, అదే ఏడాది స్టీరియో (ఎడమ, కుడి రెండు ఛానెళ్లు) ఎల్‌పి, 1987 సీడీ, 2009 రీమాస్టర్, 2014 మోనో ఎల్‌పి, 2017 రీమిక్స్. అట్ట మీద బొమ్మ అన్నిటికీ ఒకటే. వినిపించేది మాత్రం ఒకటి కాదు. ‘షీ ఈజ్ లీవింగ్ హోమ్’ పాట మోనోలో దాదాపు అర స్వరం పైన, కాస్త వేగంగా నడుస్తుంది. పాత స్టీరియోలో అదే పాట కింది శృతిలో, నెమ్మదిగా సాగుతుంది. రెండూ 1967వే, రెండూ అసలైనవే.

అందుకే ‘పాతదాన్ని పాతదానిలాగే ఉంచాలా, మార్చొచ్చా’ అని గుండుగుత్తగా అడిగితే జవాబు తేలదు. ఏది ఉంచాలి, ఏది మార్చినా ఫర్వాలేదు అని విడదీసి చూడాలి. నా పక్షం ముందే చెప్పేస్తాను. మిక్స్, పాటల వరస, అప్పుడు వాయించినవాళ్ల వాయింపు, ఈ మూడింటి జోలికి పోకూడదు. ఎవరైనా పోయినా, పాతది కూడా పక్కనే అమ్మకానికి ఉండాలి. మాస్టరింగ్, టేపు వేగంలో దొర్లిన పొరపాటు, ప్లేటుకు గీతలు పెట్టే అట్ట లాంటివి బాగుచేస్తే ఆల్బమ్‌కి జరిగే అన్యాయం ఏమీ లేదు.

## కొనే ముందు చూడాల్సినవి

మిక్స్ వేరు, మాస్టరింగ్ వేరు. స్టూడియోలో గొంతు, గిటారు, డ్రమ్స్ వేర్వేరు ట్రాకుల మీద రికార్డవుతాయి. వాటి హెచ్చుతగ్గులు చూసుకుని రెండు ఛానెళ్లకో ఒక ఛానెల్‌కో కలపడం మిక్స్. అలా కలిపిన టేపును ప్లేటుకో సీడీకో తగ్గట్టు చివరిగా సరిచేయడం మాస్టరింగ్. రీమాస్టర్ అంటే రెండో పని మళ్లీ చేయడం. రీమిక్స్ అంటే మొదటి పని నుంచి మళ్లీ మొదలుపెట్టడం. మన దగ్గర రీమిక్స్ అనగానే గుర్తొచ్చే డీజే బీట్లతో దీనికి సంబంధం లేదు. రీమాస్టర్‌లో గొంతు ఉన్నచోటే ఉంటుంది. రీమిక్స్‌లో ఎడమ చెవిలో ఉన్న గొంతు మధ్యలోకి రావచ్చు, ఎప్పుడూ వినపడని తబలా పైకి తేలవచ్చు, పాట చివర సన్నబడే చోటు మారవచ్చు.

ఏ టేపు నుంచి తీశారు. మల్టీట్రాక్ టేపు నుంచి మాస్టర్ టేపు, దాన్నుంచి వేరే దేశాల ఫ్యాక్టరీలకు పంపే కాపీ టేపు, ఒక్కోసారి దానికీ మరో కాపీ. మొదటి కాపీలోనే హిస్ (టేపు వెనక సన్నగా వినిపించే రొద) సుమారు 3 డెసిబెల్స్ పెరుగుతుంది, తాళాల మోతలో మెరుపు తగ్గుతుంది. కాబట్టి ‘మాస్టర్ టేపు నుంచి’ అని రాసి ఉంటే ఏ దేశపు, ఏ తరం టేపు అని అడగాలి. అసలు టేపు దొరకని సందర్భాలూ ఉన్నాయి. 2008 జూన్ 1న హాలీవుడ్ యూనివర్సల్ స్టూడియోస్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో చాలా మాస్టర్లు కాలిపోయాయి. 1970ల మధ్య నుంచి 80ల దాకా వాడిన కొన్ని రకాల టేపులది (ఆంపెక్స్ 456 అందులో పేరుమోసింది) మరో కథ. వాటిలో జిగురుపొర గాలిలోని తేమ పీల్చుకుని బంకలా మారుతుంది. 50–55 డిగ్రీల సెల్సియస్ దగ్గర గంటల తరబడి వెచ్చబెట్టి, వెంటనే కాపీ తీసుకోవాలి, లేకపోతే హెడ్‌కి అంటుకుని పూత ఊడిపోతుంది. ఇలాంటి టేపుకు పదిహేనేళ్ల కిందట తీసిన మంచి డిజిటల్ కాపీ, ఇవాళ మళ్లీ తిప్పబోయే టేపు కన్నా మేలు.

ఎంత గట్టిగా మాస్టర్ చేశారు. 1990ల మధ్య నుంచి సీడీలన్నీ పోటీలు పడి శబ్దం పెంచాయి. మెల్లని చోటుకీ బిగ్గర చోటుకీ మధ్య తేడా నలిగిపోయింది. దీన్ని కొలిచే డీఆర్ (డైనమిక్ రేంజ్) సంఖ్య ఒకటుంది. రాక్ ఆల్బమ్‌కి 11–13 వస్తే ఊపిరి ఉన్నట్టు, 6–7 వస్తే పిండేసినట్టు. ఒక జాగ్రత్త: ఎల్‌పి నుంచి ఎక్కించిన ఫైళ్లకు ఈ సంఖ్య రెండు మూడు ఎక్కువ చూపిస్తుంది. ఎల్‌పి లెక్కను సీడీ లెక్కతో పోల్చొద్దు. సీడీకి సీడీ, ఎల్‌పికి ఎల్‌పి.

వైపుకి ఎన్ని నిమిషాలు. ఇది ఎల్‌పి కొనేవాళ్లకు మాత్రమే. ఒక వైపు 18–20 నిమిషాలైతే గాడులు వెడల్పుగా, లోతుగా కోయొచ్చు. 23 దాటితే శబ్దం, బేస్ తగ్గించాలి, చిటపటలు పైకి తేలతాయి. పైగా ప్లేటు అంచు దగ్గర ముల్లు కింద గాడి సెకనుకు దాదాపు 50 సెంటీమీటర్లు కదిలితే, లేబుల్ దగ్గరికొచ్చేసరికి అది 21కి పడిపోతుంది. చివరి పాటలో ‘స’కారాలు చిట్లడం ఇందుకే. 42 నిమిషాల ఆల్బమ్‌కి నాలుగు బోనస్ పాటలు అతికించి ఒక్క ప్లేటులోనే కుక్కినవి ‘డీలక్స్’ అని రాసున్నా తీసుకోవద్దు.

పాటల వరస, అట్ట గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. వరస మారితే అది వేరే ఆల్బమ్. 1966లో అమెరికాలో వచ్చిన ‘రివాల్వర్’లో జాన్ లెనన్ పాటలు మూడు లేవు, 14 పాటల ఆల్బమ్ 11కి తగ్గింది. ‘అచ్చం ఒరిజినల్’ అన్నప్పుడు ఏ దేశపు ఒరిజినల్ అని చూసుకోవడం ఇందుకే. ఇక అట్ట విషయంలో ఒరిజినల్‌కి అతిగా కట్టుబడితే నష్టమే. రోలింగ్ స్టోన్స్ ‘స్టిక్కీ ఫింగర్స్’ (1971) అట్టకు నిజమైన జిప్ కుట్టారు. పెట్టెల్లో ఒకదాని మీద ఒకటి పేర్చితే ఆ జిప్ పక్క ప్లేటు గాడుల్లోకి దిగింది. చివరికి జిప్‌ను సగం కిందికి లాగి, ఆ ఒత్తిడి గాడుల మీద కాక మధ్య లేబుల్ మీద పడేలా పంపించాల్సి వచ్చింది.

## ఒక్క చూపులో

| ఎడిషన్ | మిక్స్ | మారేది | ఎవరికి సరిపోతుంది | మోసపోయే చోటు |
|---|---|---|---|---|
| అసలు ప్రెస్సింగ్ | నాటిదే | ఏమీ లేదు, అరుగుదల తప్ప | సేకరించేవాళ్లు, చరిత్ర వెతికేవాళ్లు | ఒకే ఏడాదిలో వేర్వేరు కట్‌లు |
| టేపు నుంచి నేరుగా రీఇష్యూ | నాటిదే | మాస్టరింగ్ | మంచి టర్న్‌టేబుల్ ఉన్నవాళ్లు | స్టిక్కర్ మాటలు |
| డిజిటల్ రీమాస్టర్ | నాటిదే | మాస్టరింగ్, హిస్, శబ్ద స్థాయి | సీడీ, స్ట్రీమింగ్ | నొక్కేసిన శబ్దం |
| రీమిక్స్ | కొత్తది | దాదాపు అన్నీ | హెడ్‌ఫోన్లలో వినేవాళ్లు, రెండో కాపీ కొనేవాళ్లు | పాతది అంగట్లోంచి మాయం కావడం |
| తిరిగి వాయించి కలిపినది | కొత్తది | మనుషులే మారతారు | ఎవరికీ కాదు | అట్ట మీద ఎక్కడా చెప్పకపోవడం |

## అసలు ప్రెస్సింగ్

మొదటిసారి వచ్చిన ప్లేటే ప్రామాణికం అనుకోవడం సహజం. కానీ ‘మొదటిసారి’ అనేది ఒక్కటి కాదు. ‘లెడ్ జెప్లిన్ 2’ (1969)ను మాస్టరింగ్ ఇంజినీరు బాబ్ లడ్విగ్ బాగా బిగ్గరగా కట్ చేశాడు (టేపులోని శబ్దాన్ని గాడులుగా కోయడమే కట్). చవక ప్లేయర్ల మీద ముల్లు ఎగిరిపోతోందని ఫిర్యాదు రావడంతో, కంపెనీ శబ్దం తగ్గించి మళ్లీ కట్ చేయించింది. ఇవాళ అందరూ వెతికేది లేబుల్ చుట్టూ ఉన్న ఖాళీ చోట ‘ఆర్ఎల్’ అని లడ్విగ్ పొడి అక్షరాలు చెక్కి ఉన్న ఆ మొదటి కట్ కోసమే. రెండోది కూడా 1969దే, అట్టా అదే. లేబుల్ చూసి కాదు, ఆ ఖాళీ చోట చెక్కిన, ఏ కట్టో చెప్పే మ్యాట్రిక్స్ సంఖ్య చూసి కొనాలి. అమ్మేవాడిని ఆ చోటు ఫొటో అడగండి. పక్కనుంచి టార్చ్ వెలుతురు పడితే అక్షరాలు స్పష్టంగా కనిపిస్తాయి.

జాజ్‌లో ఇంకో మెలిక ఉంది. 1950లు, 60ల బ్లూ నోట్ కంపెనీ ఆల్బమ్‌లను చాలావరకు రికార్డు చేసింది, కట్ చేసింది ఒక్కడే, ఇంజినీరు రూడీ వాన్ గెల్డర్. అప్పటి చవక ప్లేయర్లు తట్టుకోవాలని కట్ చేసేటప్పుడు బేస్ తగ్గించేవాడు, మధ్య స్థాయిని ముందుకు తోసేవాడు. ఆ ప్లేటులో సాక్సోఫోన్ మీద పడేలా ఉంటుంది, డబుల్ బేస్ పలచగా ఉంటుంది. టేపులో మాత్రం బేస్ నిండుగానే ఉంది. మరి దేనికి నమ్మకంగా ఉండాలి, టేపుకా, ప్లేటుకా? వాన్ గెల్డర్ చేతి కట్ కావాలంటే అసలు ప్రెస్సింగే కొనాలి, శుభ్రమైన కాపీకి డబ్బు గట్టిగానే వదులుతుంది. గదిలో వాయించింది ఎలా ఉందో కావాలంటే కొత్త రీఇష్యూ మెరుగు. నేనైతే రెండోదాని వైపే. ప్లేయర్ల బలహీనత కోసం చేసిన సర్దుబాటును కళాకారుడి ఉద్దేశంగా లెక్కేయక్కర్లేదు.

మన దేశంలో చవగ్గా దొరికే దారి ఒకటుంది. గ్రామఫోన్ కంపెనీ ఆఫ్ ఇండియా నడిపిన కోల్‌కతా డమ్‌డమ్ ఫ్యాక్టరీలో పాశ్చాత్య ఆల్బమ్‌లూ అచ్చయ్యాయి. వాటిలో కొన్నింటి మ్యాట్రిక్స్ సంఖ్యలు బ్రిటన్ కాపీలతో కలుస్తాయి. అంటే కట్ అక్కడిదే, ముద్రణ ఇక్కడిది. కాకపోతే చిటపటలు కాస్త ఎక్కువ, అట్టలు పలచన. ముంబై చోర్ బజార్ లాంటి చోట్ల కొనేటప్పుడు ప్లేటును కంటికి సమాంతరంగా ఎత్తి చూడండి. బూడిదరంగు తిరిగిన గాడులు అరిగిపోయినవి, ఎంత కడిగినా బాగుపడవు. బూజు అయితే కడిగితే పోతుంది.

పాత మోనో ప్లేట్లకు చిన్న చిట్కా. ఆంప్లిఫైయర్ మీద మోనో మీట నొక్కితే గాడిలో పైకీ కిందికీ ఉండే రొద రద్దయి చిటపటలు బాగా తగ్గుతాయి. స్టీరియో ముల్లు కొన 0.7 మిల్ (మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు), పాత మోనో గాడులకు 1 మిల్ గుండ్రటి ముల్లు ఇంకా బాగా కూర్చుంటుంది. పాతకాలపు మోనో కార్ట్రిడ్జ్ (ముల్లు ఉండే భాగం) దొరికింది కదా అని దాన్ని స్టీరియో ప్లేటు మీద పెట్టొద్దు. అది పైకీ కిందికీ కదలదు, గాడిని కోసేస్తుంది.

## టేపు నుంచి నేరుగా తీసిన రీఇష్యూ

నమ్మకమైన రీఇష్యూ అంటే చాలామంది మనసులో ఉండేది ఇదే. మాస్టర్ టేపు, మధ్యలో కంప్యూటర్ లేకుండా కటింగ్ యంత్రం, ప్లేటు. బీటిల్స్ 2014 మోనో ఎల్‌పిలు ఇలా వచ్చినవే. బ్లూ నోట్ వారి టోన్ పోయెట్ వరస (2019 నుంచి, కెవిన్ గ్రే కటింగ్) కూడా. అదే కంపెనీ క్లాసిక్ వినైల్ వరసలోనూ కెవిన్ గ్రే కటింగే, ధర తక్కువ, అట్ట మామూలుది. జాజ్ కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఈ రెండో వరసతో మొదలుపెడితే ఏమీ పోగొట్టుకోరు. టోన్ పోయెట్‌లో అదనంగా కట్టే డబ్బులో ఎక్కువ భాగం మందపాటి మడత అట్టకీ, లోపలి ఫొటోలకీ పోతుంది.

స్టిక్కర్ మాటల్ని ఎంతవరకు నమ్మొచ్చో 2022లో తేలింది. మొబైల్ ఫిడెలిటీ కంపెనీ ప్లేట్లు పూర్తిగా అనలాగ్ (మధ్యలో డిజిటల్ మెట్టు లేనివి) అని కొన్నవాళ్లంతా అనుకునేవారు. మైకేల్ జాక్సన్ ‘థ్రిల్లర్’ను వన్-స్టెప్ పద్ధతిలో 40,000 కాపీలు వేస్తామని ప్రకటించాక లెక్క కుదరలేదు. మామూలుగా లక్కర్ (గాడులు మొదట కోసే పలక) నుంచి ‘ఫాదర్’, దాన్నుంచి ‘మదర్’, దాన్నుంచి ప్లేట్లు అచ్చేసే స్టాంపర్లు తీస్తారు. అలా ఒక్క కట్ నుంచి వేల ప్లేట్లు వస్తాయి. వన్-స్టెప్‌లో మధ్య మెట్లు లేవు కాబట్టి కొద్ది కాపీలకే కొత్త లక్కర్ కోయాలి. అంటే అసలు టేపును పదేపదే తిప్పాలి. ఏ కంపెనీ ఆ టేపును అన్నిసార్లు తిప్పనిస్తుంది? చివరికి ఏళ్లుగా టేపును డీఎస్‌డీ డిజిటల్ ఫైలుగా మార్చుకుని, దాన్నుంచే కట్ చేస్తున్నామని ఇంజినీర్లు ఒప్పుకున్నారు. కొన్నవాళ్లు వేసిన దావా 2.5 కోట్ల డాలర్ల రాజీతో ముగిసింది.

ఇందులో గమనించాల్సింది ఒకటుంది. ఆ ప్లేట్ల శబ్దం బాగాలేదని అంతకుముందు అనలాగ్ భక్తులు పెద్దగా అనలేదు, పైగా మెచ్చుకున్నారు. తప్పు డిజిటల్ మెట్టుది కాదు, చెప్పకపోవడానిది. కాబట్టి ‘ఏఏఏ’ (రికార్డింగ్, మిక్స్, మాస్టరింగ్ అన్నీ అనలాగ్) అన్న మూడు అక్షరాల కన్నా కట్ చేసింది ఎవరు, ఏ టేపు నుంచి అన్న వివరం అట్ట వెనక రాసి ఉందా అన్నదే ముఖ్యం. రాయని కంపెనీని అనుమానించాలి.

అసలు అనుమానించాల్సినవి ఇంకో రకం. యూరప్‌లో 1963కి ముందు విడుదలైన రికార్డింగుల మీద హక్కుల గడువు తీరిపోయింది. ఎవరైనా వేసుకోవచ్చు. అలా చవక ధరకు వచ్చే జాజ్ ఎల్‌పిలు చాలావరకు సీడీ నుంచి ఎక్కించి కోసినవి. ‘180 గ్రాములు’, ‘ఆడియోఫైల్’ అని పెద్దక్షరాలతో ఉంటుంది, టేపు ఊసే ఉండదు. 180 గ్రాములు ప్లేటు బరువు, అంతకుమించి దాని గురించి చెప్పేదేమీ లేదు. ఆ డబ్బుకి ఆ సీడీయే కొనుక్కోవడం నయం.

## డిజిటల్ రీమాస్టర్

టర్న్‌టేబుల్ లేనివాళ్లకు ఇదే అసలు దారి. బాగా చేస్తే టేపుకు అత్యంత దగ్గరగా ఉండేది కూడా ఇదే. వేగం కచ్చితం, గాడి రొద లేదు, చివరి పాట చిట్లదు.

తప్పులు దిద్దడానికి అవకాశం ఇక్కడే ఎక్కువ. మైల్స్ డేవిస్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’నే తీసుకోండి. 1959 మార్చి 2న మొదటి వైపు మూడు పాటలూ రికార్డు చేసిన రోజు ప్రధాన యంత్రం కాస్త నెమ్మదిగా తిరిగింది. సరైన వేగంతో వినిపించేసరికి ఆ పాటలన్నీ కాస్త పై శృతికి వెళ్లాయి. ముప్ఫై ఏళ్లకు పైగా ప్రపంచం విన్నది ఆ శృతిలోనే. ఆ రోజే ముందుజాగ్రత్తగా రెండో యంత్రం మీద తీసిపెట్టిన టేపు వాడి 1992లో సరిదిద్దారు. పాత ఎల్‌పితో కలిసి ‘సో వాట్’ సాధన చేద్దామని కీబోర్డు ముందు కూర్చుంటే శృతి కలవదు. ఒకవేళ కలిసేలా ట్రాన్స్‌పోజ్ చేసుకుంటే, రెండో వైపుకి తిప్పగానే మళ్లీ మార్చుకోవాలి. అచ్చం ఒరిజినల్‌లా ఉంచడమే సూత్రం అనుకుంటే ఈ పొరపాటునూ భద్రపరచాలి. నాకది మూర్ఖత్వంగా అనిపిస్తుంది. వాయించినవాళ్ల వేళ్లు ఆ శృతిలో ఆడలేదు. ఆడిన శృతిని తిరిగి ఇవ్వడమే ఒరిజినల్‌కి నిజంగా కట్టుబడటం.

మరోవైపు చెడిపోయేదీ ఇక్కడే. హిస్ తీసేసే సాఫ్ట్‌వేర్ మోతాదు మించితే పాట నీళ్లలోంచి వస్తున్నట్టు ఉంటుంది. వాయిద్యం ఆగాక గదిలో మిగిలే ప్రతిధ్వని మధ్యలోనే తెగిపోతుంది. కొనే ముందు పాట ముగిసే చివరి ఐదు సెకన్లు హెడ్‌ఫోన్లో వినండి. శబ్దం మెల్లగా సన్నబడి హిస్‌లో కలిసిపోతే మంచిది. గుడ్డ కప్పినట్టు టక్కున నిశ్శబ్దమైపోతే వదిలేయండి.

రెండు ఎడిషన్లను ఇంట్లో పోల్చాలంటే ఇలా చేయండి. ఒకే పాట రెండు ఫైళ్లనూ ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లోకి తెచ్చుకోండి. ముందు అలల ఆకారం చూడండి. శిఖరాలు ఎగుడుదిగుడుగా ఉండాలి, ఇటుకలా పైన సమంగా కోసేసి ఉంటే నొక్కేశారని అర్థం. తర్వాత రెండింటికీ లౌడ్‌నెస్ నార్మలైజేషన్ పెట్టండి, –23 లఫ్స్ (శబ్దం ఎంత బిగ్గరో కొలిచే ప్రమాణం) సరిపోతుంది. ఆ తర్వాతే వినండి. ఈ మెట్టు వదిలేస్తే బిగ్గరగా ఉన్నదే బాగున్నట్టు చెవి మోసపోతుంది, ఒక్క డెసిబెల్ తేడా చాలు. స్ట్రీమింగ్‌లో అయితే సెట్టింగ్స్‌లో శబ్దం సమానం చేసే మీట ఆన్‌లో ఉంచండి. స్పాటిఫై –14 లఫ్స్ దగ్గర, యాపిల్ మ్యూజిక్ –16 దగ్గర సర్దుతాయి. అలా సర్దాక నొక్కేసిన రీమాస్టర్ బలం పోయి చప్పగా తేలిపోతుంది, ఊపిరున్న పాత మాస్టర్ నిలబడుతుంది.

## రీమిక్స్

వాదమంతా ఇక్కడే. నేను మొదట్లో ‘జోలికి పోకూడదు’ అన్నానుగానీ, మంచి రీమిక్స్‌లు లేవని కాదు.

సార్జెంట్ పెప్పర్ 2017 రీమిక్స్‌కు గట్టి కారణమే ఉంది. ఆ రోజుల్లో నాలుగే ట్రాకులు. అవి నిండగానే వాటిని కలిపి ఇంకో టేపులో ఒకటి రెండు ట్రాకుల మీదకి ఎక్కించి, మిగిలిన చోట కొత్తవి రికార్డు చేసేవారు. అంటే చివరి మిక్స్‌లో డ్రమ్స్ రెండో, మూడో తరం కాపీ. ఈ రీమిక్స్ చేసిన జైల్స్ మార్టిన్ కలపకముందటి మొదటి తరం టేపుల్లోకి వెళ్లాడు కాబట్టి డ్రమ్స్, బేస్ కొత్తగా వినిపిస్తాయి. అప్పట్లో బ్యాండ్ దగ్గరుండి చేయించుకున్నది మోనో మిక్స్. స్టీరియో హడావుడిగా, వాళ్లు లేకుండా ముగిసింది. కొత్త మిక్స్ ఆ మోనోనే దారిగా పెట్టుకుంది, ‘షీ ఈజ్ లీవింగ్ హోమ్’ కూడా మోనో వేగానికి వచ్చింది. ‘రివాల్వర్’ రీమిక్స్ (2022) ఇంకో అడుగు ముందుకు వేసింది. ఒకే ట్రాక్ మీద అతుక్కుపోయిన డ్రమ్స్, గిటారు, బేస్‌ను సినిమా దర్శకుడు పీటర్ జాక్సన్ బృందం తయారుచేసిన సాఫ్ట్‌వేర్‌తో విడదీసి మళ్లీ కలిపారు.

ఇక చెడ్డ ఉదాహరణ, అదీ కళాకారుడి చేతుల్లోనే. ఇగ్గీ అండ్ ద స్టూజెస్ ‘రా పవర్’ 1973లో విడుదలైనప్పుడు దాని మిక్స్ చాలావరకు డేవిడ్ బోవీది. పలచగా ఉందని ఏళ్ల తరబడి తిట్టుకున్నారు. 1997లో ఇగ్గీ పాప్ స్వయంగా రీమిక్స్ చేసి శబ్దాన్ని పగిలేదాకా పెంచాడు. కొంతకాలం అంగట్లో అదే దిక్కయింది. తీరా 2010లో బోవీ మిక్స్ మళ్లీ వచ్చాకే ‘పలచన’ అని తిట్టిన మిక్స్‌లో ఎంత చోటు ఉందో జనానికి అర్థమైంది. కళాకారుడికి మార్చే హక్కు లేదా అంటే, ఉంది. పాతదాన్ని అంగట్లోంచి తీసేసే హక్కే ఉండకూడదని నా వాదన.

కొనేవాళ్లకు సూత్రం తేలిక: రీమిక్స్‌ను మొదటి కాపీగా కొనొద్దు. పాత మిక్స్ ఇప్పటికే ఉంటే, లేదా అదే పెట్టెలో పాత మిక్స్ కూడా ఇస్తుంటే తీసుకోండి. స్టీవెన్ విల్సన్ చేసిన ప్రోగ్రెసివ్ రాక్ రీమిక్స్ పెట్టెల్లో చాలావాటిలో పాత మిక్స్‌ను ఏమీ సర్దకుండా ఎక్కించిన ‘ఫ్లాట్ ట్రాన్స్‌ఫర్’ కూడా ఉంటుంది. పెట్టె వెనక ఆ మాట ఉందేమో చూడండి. రీమిక్స్ ఇలాగే రావాలి. జెత్రో టల్ ‘ఆక్వాలంగ్’ (2011 రీమిక్స్) లాంటివి, అసలు మిక్స్ మందకొడిగా ఉందని మొదటినుంచీ పేరున్నవి, మినహాయింపు. వాటిని మొదటి కాపీగానూ కొనొచ్చు.

తిరిగి వాయించి అతికించిన వాటి గురించి ఒక్క ముక్క. ఓజీ ఆస్బోర్న్ మొదటి రెండు సోలో ఆల్బమ్‌ల 2002 ఎడిషన్‌లో అసలు బేస్, డ్రమ్స్ తీసేసి వేరేవాళ్ల చేత వాయించి పెట్టారు. 2011లో అసలువి తిరిగొచ్చాయి. సెకండ్‌హ్యాండ్‌లో ఆ 2002 సీడీలు ఇప్పటికీ చవగ్గా కనిపిస్తాయి. సంవత్సరం చూసి పక్కన పెట్టేయండి.

## మన పాత పాటలకు వచ్చేసరికి

1950ల తెలుగు సినిమా పాటలు ఆల్బమ్‌లుగా పుట్టలేదు, 78 ఆర్‌పీఎం ప్లేట్ల మీద వచ్చాయి. వైపుకి మూడు నిమిషాల పైచిలుకే పట్టేది. అందుకే ఎన్నో పాటలకు రెండు అసళ్లు ఉన్నాయి: సినిమా రీలు మీదున్న పూర్తి పాట, ప్లేటు కోసం కుదించినది. కొన్ని రెండు వైపులా విరిచినవి. రీఇష్యూలో ఒక చరణం తక్కువైందంటే కంపెనీ కోసేసిందని కాదు, అది ప్లేటు నుంచి వచ్చిందని అర్థం. సాహిత్యం పూర్తిగా కావాలంటే సినిమా నుంచి తీసినది, గొంతు స్పష్టంగా కావాలంటే ప్లేటు నుంచి తీసినది. సినిమా రీలు మీది శబ్దపు చారలో పైస్థాయి బాగా తగ్గిపోయి ఉంటుంది.

మన చట్టం ప్రకారం రికార్డింగు మీద హక్కు విడుదలైన తర్వాతి ఏడాది నుంచి 60 ఏళ్లు. 1950ల ప్లేట్లకు ఆ గడువు దాటిపోయింది, సాహిత్యం, బాణీల మీద హక్కులు వేరే సంగతి. అందుకే ఒకే పాట పది రకాలుగా తిరుగుతోంది. ఎంచుకోవడానికి రెండు చోట్ల చెవి పెట్టండి. ఒకటి గొంతులో ‘శ, ష, స’: మూడూ ఒకేలా ‘ఫ’లా వినిపిస్తే రొద తీసేటప్పుడు అక్షరాలనూ తీసేశారు. రెండోది మృదంగం ఎడమ వైపు దెబ్బ తర్వాత మిగిలే మోత: దెబ్బ మాత్రమే మిగిలి మోత లేకపోతే అదే సంగతి. పాట మొత్తం మందంగా, దుప్పటి కప్పినట్టు ఉంటే కారణం వేరే కావచ్చు. ముల్లు నుంచి వచ్చే సన్నని శబ్దాన్ని పెంచే ఇవాళ్టి ఫోనో ప్రీఆంప్‌లు 1954లో స్థిరపడిన ఆర్ఐఏఏ సర్దుబాటు ప్రకారం 10 కిలోహెర్ట్జ్ దగ్గర 13.7 డెసిబెల్స్ తగ్గిస్తాయి. అంతకుముందటి 78లు చాలావాటికి అంత తగ్గింపు అక్కర్లేదు. ఇంట్లో ఎక్కించుకునేవాళ్లు 3 మిల్ ముల్లు వాడి, ఆ తగ్గింపును ఈక్వలైజర్‌తో వెనక్కి తెచ్చుకోవాలి. ‘స్టీరియో’ అని పెట్టి ఎడమకి బేస్, కుడికి గొంతు తోసినవి, కొత్తగా తాళం కలిపినవి వద్దు. చిటపటలున్నా సరే, మోనోయే మేలు.

## ఎవరికి ఏది

ఆల్బమ్‌ను మొదటిసారి వింటున్నవాళ్లు పాత మిక్స్ ఉన్న డిజిటల్ రీమాస్టర్‌తో మొదలుపెట్టాలి. ఖర్చు తక్కువ, నచ్చాక ఎల్‌పి కొనొచ్చు. ఇయర్‌ఫోన్లలోనే వినేవాళ్లకు 1960ల స్టీరియో ఇబ్బంది పెడుతుంది. 1965 ‘రబ్బర్ సోల్’ స్టీరియోలో గొంతులు చాలావరకు ఒక చెవిలో, వాయిద్యాలు మరో చెవిలో ఉంటాయి. అలాంటివాటికి మోనో, అది నచ్చకపోతే రీమిక్స్. పాటతో కలిసి వాయించి నేర్చుకునేవాళ్లు వేగం సరిదిద్దిన ఎడిషన్ తప్ప వేరేది తీసుకోవద్దు. పదిహేను వేల లోపు టర్న్‌టేబుల్ ఉన్నవాళ్లు ఖరీదైన 45 ఆర్‌పీఎం రెండు ప్లేట్ల సెట్‌ల జోలికి వెళ్లకుండా ఆ తేడా డబ్బుతో మంచి ముల్లు కొనుక్కోవడం లాభం. చివరి పాట చిట్లడం ప్లేటు కన్నా ముల్లు వల్లే ఎక్కువసార్లు జరుగుతుంది. బహుమతి ఇవ్వాలంటే రీమిక్స్ పెట్టె చూడముచ్చటగా ఉంటుంది, ఫర్వాలేదు.

దిగుమతి ప్లేటు తెప్పించుకుంటే ధరకు కొరియర్, కస్టమ్స్ సుంకం, జీఎస్‌టీ కలిపి లెక్కేసుకోండి, తిప్పి పంపడం దాదాపు కుదరదు. ఇక్కడి దుకాణంలో కొంటే తిప్పి పంపే గడువు లోపలే రెండు వైపులా పూర్తిగా వినండి. నెమ్మదైన పియానో పాటలో శృతి ఊగుతుంటే టోన్‌ఆర్మ్‌ను (ముల్లు మోసే చెయ్యి) పైనుంచి చూడండి, ప్రతి చుట్టుకీ పక్కకి ఊగుతుంటే మధ్య రంధ్రం పక్కకి పడింది. గుడ్డ చింపుతున్నట్టు ఒకే చోట కొన్ని చుట్లపాటు వినిపిస్తే ప్లాస్టిక్ గాడిలోకి పూర్తిగా నిండలేదు, ఆ చోట వెలుతురులో మసక మచ్చ కనిపిస్తుంది. ఈ రెండూ కడిగినా పోవు. ఆ మచ్చకి ఫొటో, ఊగే టోన్‌ఆర్మ్‌కి పది సెకన్ల వీడియో తీసి జతచేస్తే మార్చి ఇవ్వడానికి దుకాణం వాళ్లు ఎక్కువ వాదించరు. అట్ట మూలలు నలిగాయని మాత్రం అడిగితే, చాలాచోట్ల వినరు.